హుస్సేన్‌సాగర్‌లో ఇద్దరి పడవ రేసు: మొదటిసారి దిగుతున్నాం, సలహాలు కావాలి

నీలితెరచాప

అందరికీ నమస్కారం. మాది సికింద్రాబాద్. నేనూ మా అక్కా (పెద్దమ్మ కూతురు) కలిసి పోయినేడాది సెయిలింగ్ నేర్చుకున్నాం. వచ్చే నెల మా క్లబ్‌లో వారాంతపు రేసులున్నాయి, ఎంటర్‌ప్రైజ్ (ఇద్దరు నడిపే ఒక రకం పడవ) క్లాసులో పేర్లు ఇచ్చేశాం. అక్క హెల్మ్ (చుక్కాని పట్టేది), నేను క్రూ (తోడుగా పనిచేసేది). ఊరికే చెరువు చుట్టూ తిరిగేటప్పుడు మా ఇద్దరికీ బాగానే కుదురుతుంది. రేసంటే మాత్రం టెన్షన్‌గా ఉంది.

పడవలో పని ఇద్దరూ ఎలా పంచుకోవాలి? క్రూ అంటే జిబ్ (ముందుండే చిన్న తెరచాప) తాడు లాగడం, గాలి వచ్చినప్పుడు పక్కకి వాలడం, ఇంతేనా? ఇద్దరం కలిపి 112 కిలోలే ఉంటాం, ఆగస్టు గాలికి ఇది సరిపోతుందా? స్టార్ట్ దగ్గర పడవలన్నీ మూగిపోతాయి కదా, కొత్తవాళ్ళు ఎక్కడుంటే మంచిది?

గాలివాటం

చెల్లెమ్మా, ఇంతేనా అన్నావు చూడు, అక్కడ మొదలుపెడతాను. ఇద్దరి పడవలో హెల్మ్ కళ్ళు తెరచాప మీదా, జిబ్ మీది టెల్‌టేల్స్ (గాలి తీరు చూపే చిన్న దారాలు) మీదా ఉంటాయి. ఉండాలి కూడా. అంటే చెరువు మీద ఏం జరుగుతోందో చూడగలిగేది క్రూ ఒక్కరే. గాలి ఎటునుంచి వస్తోంది, ఎవరు ఏ వైపు వెళ్ళారు, ఎవరు మనకి అడ్డం వస్తున్నారు, ఇవన్నీ నీ పని. తాడు లాగడం రెండు వారాల్లో చేతికి వచ్చేస్తుంది. చూడడానికి టైం పడుతుంది.

హుస్సేన్‌సాగర్‌లో అయితే ఇది మరీ ముఖ్యం. వానాకాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా పడమర నుంచీ, నైరుతి నుంచీ వస్తుంది. నెక్లెస్ రోడ్డు వెనక బిల్డింగులూ చెట్లూ దాటుకుని నీళ్ళ మీదికి దిగుతుంది కాబట్టి ఒకే తీరుగా ఉండదు. ఒక నిమిషం కుడికి తిరుగుతుంది, మరో రెండు నిమిషాలకి ఎడమకి వస్తుంది. సముద్రంలో అలవాటైనవాళ్ళు కూడా ఇక్కడ తికమకపడతారు. పడవ వేగంలో వచ్చే తేడా కంటే, గాలి తిరిగినప్పుడు సరైన వైపు ఉండడం వల్ల వచ్చే తేడానే ఇక్కడ ఎక్కువ.

ఎలా కనిపెట్టాలంటే, ఒక గుర్తు పెట్టుకో. గాలి నేరుగా పడమర నుంచి వస్తోందనుకో. పోర్ట్ టాక్ మీద, అంటే గాలి ఎడమ పక్కన తగిలేలా, ఎదురుగాలికి ఏటవాలుగా వెళ్తుంటే పడవ ముక్కు వాయవ్యం వైపు, అంటే ఇంచుమించు సంజీవయ్య పార్కు వైపు ఉంటుంది. అక్కడ 2016లో నిలబెట్టిన 291 అడుగుల జెండా స్తంభం చెరువులో ఎక్కడున్నా కనిపిస్తుంది. రేసుకి ముందు ఆ టాక్ మీద కాసేపు వెళ్ళి, ముక్కు స్తంభానికి ఏ పక్క ఎంత దూరంలో ఉందో చూసుకో. రేసులో తెరచాపలు సరిగ్గా నిండి ఉండగానే ముక్కు అంతకన్నా కుడికి జారిపోతే, గాలి మిమ్మల్ని పైమార్కు (గాలి వచ్చే వైపున, చుట్టి రావాల్సిన గుర్తు) నుంచి దూరంగా నెడుతోందన్న మాట. టాక్ చేయాల్సింది, అంటే ముక్కుని గాలి మీదుగా రెండో పక్కకి తిప్పాల్సింది అప్పుడే. ముక్కు ఎడమకి, అంటే పైమార్కు వైపుకి వస్తే గాలి మీకు కలిసొచ్చింది, కదలకుండా అలాగే పోండి. స్టార్‌బోర్డ్ టాక్‌కి (గాలి కుడి పక్కన తగిలేది) ఖైరతాబాద్ వైపు ఒక బిల్డింగు గుర్తు పెట్టుకుంటే చాలు, అక్కడ కుడి ఎడమలు తారుమారవుతాయి.

స్టార్ట్ గురించి తర్వాత రాస్తాను, ఆఫీసు టైమైంది.

సుబేదార్_రిటైర్డ్

గాలివాటం గారు చెప్పింది సబబే. బరువు సంగతి నేను చెబుతానమ్మా. ఫౌజ్‌లో ఉన్నన్నాళ్ళూ నేను ఇదే చెరువు మీద ఎంటర్‌ప్రైజ్ నడిపాను.

ఈ పడవని 1956లో జాక్ హోల్ట్ అనే ఆయన ఇంగ్లండ్‌లో డిజైన్ చేశాడు. పొడవు 4.04 మీటర్లు. రెండే తెరచాపలు, నీలం రంగు వాటికి ఆనవాయితీ. స్పిన్నేకర్ (వెనకగాలికి ఎగరేసే పెద్ద తెరచాప) లేదు, ట్రాపీజ్ (మనిషి బయటికి వేలాడే తీగ) లేదు. మామూలు కుటుంబాలు కొనుక్కుని తిరగడానికీ, రేసు చేయడానికీ రెంటికీ పనికొచ్చేలా చేసిన పడవ. కాబట్టి 112 కిలోలతో నడపలేమని భయపడక్కర్లేదు. గాలి వేగం 8, 10 నాట్లు ఉన్నప్పుడు మీరే ముందుంటారు, 130 కిలోల జంటలు మీ వెనక వస్తాయి. 15 నాట్లు దాటి జల్లు ముందు వచ్చే ఈడ్పు గాలి తగిలినప్పుడే మీకు కష్టం.

అప్పుడు చేయాల్సింది: ఒడ్డునే మెయిన్‌సెయిల్‌ని (పెద్ద తెరచాపని) చదును చేసుకోండి. అవుట్‌హాల్ (తెరచాప కింది అంచుని వెనక్కి లాగే తాడు) బిగించాలి, కిక్కర్ (తెరచాప కింది కొయ్యని కిందికి పట్టే తాడు) గట్టిగా లాగాలి. నీళ్ళలోకి వెళ్ళాక సెంటర్‌బోర్డ్ (పడవ అడుగున నీళ్ళలోకి దిగే పలక) కొద్దిగా, ఒక బెత్తెడు పైకి తీయండి, పడవ ఒరగడం తగ్గుతుంది. ఈడ్పు తగిలిన క్షణంలో ఇద్దరూ హైకింగ్‌కి (పడవ అంచు దాటి బయటికి) వాలాలి, అక్క మెయిన్ షీట్ (పెద్ద తెరచాప తాడు) వదలాలి. ముందు పడవ ఒరిగి, ఆ తర్వాత వదిలితే లాభం లేదు. ఒరిగిన పడవ పక్కకి జారుతుంది, ముందుకి పోదు.

ఒక్క విషయంలో మాత్రం గాలివాటం గారితో నేను ఏకీభవించను. క్రూ చూసినదల్లా చెబుతూ కూర్చుంటే హెల్మ్ తల తిరిగిపోతుంది. మా దగ్గర క్రూ నోరు విప్పకూడదు, అడిగితే చెప్పాలి. పడవలో ఒకే బుర్ర నిర్ణయం తీసుకోవాలి.

ఒడ్డున_అమ్మ

మా అబ్బాయి ఆప్టిమిస్ట్ (పిల్లల చిన్న పడవ) నడుపుతాడు, వర్షాకాలం రేసుల్లో నేను ఒడ్డునే ఉంటాను. లైఫ్ జాకెట్ బకిల్స్ ఒకరివి ఒకరు చూసుకోండి. కాళ్ళకి చేతులకి ఏ చిన్న గీత ఉన్నా వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేసుకుని దిగండి, బయటికి రాగానే సబ్బుతో కడుక్కోండి. ఆ నీళ్ళ సంగతి మనకి తెలిసిందే. పాలిథిన్ కవర్లు సెంటర్‌బోర్డ్‌కీ చుక్కానికీ చుట్టుకుంటాయి, పిల్లలు రేసులో సగం వేగం అక్కడే పోగొట్టుకుంటారు. పడవ ఉన్నట్టుండి బరువుగా అనిపిస్తే ముందు అదే చూడమని మా వాడికి వాళ్ళ కోచ్ చెప్పారు.

బేఏరియా_క్రూ

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి నమస్తే. మాది గుంటూరు, ఇక్కడ వేసవిలో శుక్రవారం సాయంత్రం క్లబ్ రేసుల్లో క్రూగా వెళ్తుంటాను. మా పరిస్థితి పూర్తిగా వేరు. మధ్యాహ్నం అయ్యేసరికి గోల్డెన్ గేట్ లోంచి గాలి దూసుకొస్తుంది, 20 నాట్లు మామూలు. దానికి తోడు పోటు, ఆటు. ఆటు నీళ్ళు సముద్రం వైపు పోతూ గాలి ఎదురుగా వస్తుంటే అలలు నిటారుగా లేస్తాయి. మీ చెరువులో ఆ బాధ లేదు, దాని బదులు గాలి తిరుగుళ్ళు ఉన్నాయి.

ఇంకో తేడా, మాకు రకరకాల పడవలు కలిసి పోటీ చేస్తాయి. అందుకని హ్యాండిక్యాప్ లెక్క (పడవ రకాన్ని బట్టి టైం సవరించడం) ఉంటుంది, ముందు గీత దాటినవాడు గెలిచినట్టు కాదు. మీ క్లాసులో అన్నీ ఒకే రకం పడవలు. ఎవరు ముందు దాటితే వాళ్ళదే రేసు. చూసేవాళ్ళకీ చేసేవాళ్ళకీ ఆ పోటీ చాలా బాగుంటుంది.

తక్కువ మందితో నడపడం గురించి మాత్రం నాకు అనుభవం ఉంది. జె/24 అనే 24 అడుగుల పడవలో మామూలుగా ఐదుగురుంటారు. ట్రాఫిక్‌లో ఇద్దరు ఇరుక్కుపోతే ముగ్గురమే వెళ్ళిన సాయంత్రాలున్నాయి. అలాంటప్పుడు తేలిందేమిటంటే, చేతులు తక్కువైతే పని ముందే చేసి పెట్టుకోవాలి. మార్కు దగ్గరికొచ్చాక ఏం చేద్దామని అనుకోకూడదు. ఎంటర్‌ప్రైజ్‌లో వెనకగాలికి జిబ్‌ని రెండో పక్కకి తెరిచి పట్టే పోల్ ఉంటుంది కదా, విస్కర్ పోల్. పైమార్కుకి ఇంకా కొంత దూరం ఉండగానే దాన్ని చేతికి అందేలా పెట్టుకోండి. మార్కు తిరిగాక మొదట ఏం, తర్వాత ఏం అన్న వరస ఇద్దరికీ నోటికి రావాలి: మెయిన్ వదలడం, సెంటర్‌బోర్డ్ ఎత్తడం, పోల్ పెట్టడం. ఒడ్డున ట్రాలీ మీద పడవ ఉండగానే ఈ వరసని చేతులతో చేసి చూడండి.

సుబేదార్ గారూ, క్రూ మాట్లాడకూడదన్నది మాత్రం ఇక్కడ ఎవరూ ఒప్పుకోరండీ. మా స్కిప్పర్ అయితే నేను రెండు నిమిషాలు మౌనంగా ఉంటే “ఏమైంది, ఏం కనబడుతోంది” అని అడుగుతుంది.

గాలివాటం

@సుబేదార్_రిటైర్డ్ సార్, మీరన్నదాంట్లో నిజం ఉంది. కబుర్లు చెబుతూ పోతే ఎవరికైనా విసుగొస్తుంది. నేననేది చూసిన ముక్కని చిన్నగా చెప్పమని. “ఈడ్పు, పడవ పొడవు మూడింతల దూరంలో.” “కుడివైపు పడవలకి గాలి కలిసొస్తోంది.” “స్టార్‌బోర్డ్ పడవ వస్తోంది, దాటలేం.” అంతే. టాక్ చేయాలా వద్దా అన్నది హెల్మ్ నిర్ణయం. చూసింది చెప్పడం, చెయ్యమని చెప్పడం రెండూ ఒకటి కాదు. మీ కాలంలో హెల్మ్‌లు పదేళ్ళు అనుభవం ఉన్నవాళ్ళు, అన్నీ వాళ్ళే చూసుకునేవారు. వీళ్ళిద్దరూ ఒకే ఏడాది నేర్చుకున్నవాళ్ళు, ఇద్దరి కళ్ళూ కావాలి.

ఇక స్టార్ట్. కమిటీ బోటుకీ (రేసు నడిపేవాళ్ళ పడవ) అవతలి బూయ్‌కీ (నీళ్ళ మీద తేలే గుర్తు) మధ్య ఊహా గీత ఉంటుంది. అది గాలికి సరిగ్గా అడ్డంగా ఉండదు, ఏదో ఒక చివర గాలికి కాస్త దగ్గరగా ఉంటుంది. గీత మధ్యలో పడవని నేరుగా గాలికి తిప్పి నిలపండి, ముక్కు ఏ చివరకి మొగ్గితే ఆ చివర లాభం. అనుభవం ఉన్నవాళ్ళందరూ అక్కడికే పోతారు. మీరు ఆ చివరకి పోవద్దు. ఆ వైపుకే, కానీ గుంపుకి నాలుగైదు పడవల ఎడంగా, స్టార్‌బోర్డ్ టాక్ మీద ఉండండి. మీకు గాలివాలు వైపున, అంటే కింది పక్కన, ఒక పడవ పట్టేంత ఖాళీ కాపాడుకోండి. జెండా దిగే ముందు ఆ ఖాళీలోకి పడవని కాస్త దించితేనే వేగం వస్తుంది.

స్టార్ట్‌కి 5 నిమిషాలు ఉండగా క్లాసు జెండా, 4 నిమిషాలు ఉండగా పి జెండా ఎగరేస్తారు, 1 నిమిషం ఉండగా పి దించేస్తారు, సున్నాకి క్లాసు జెండా దిగుతుంది. ప్రతిసారీ శబ్దం వినిపిస్తుంది. అయితే లెక్క జెండాదే, శబ్దానిది కాదు. వాచీ నీ చేతికి ఉండాలి, సెకన్లు నువ్వే పైకి చదవాలి. ఇందులో సుబేదార్ సార్‌కి కూడా అభ్యంతరం ఉండదనుకుంటాను.

సుబేదార్_రిటైర్డ్

సెకన్లు చదవొచ్చు. ఈడ్పు కూడా చెప్పొచ్చు. సరే.

రూల్‌బుక్

మొదటి రేసుకి పుస్తకం మొత్తం అక్కర్లేదు. పోర్ట్ టాక్ మీద ఉన్న పడవ స్టార్‌బోర్డ్ పడవకి దారివ్వాలి. ఒకే టాక్ మీద పక్కపక్కన ఉంటే గాలి వైపున్నది కింద ఉన్నదానికి దారివ్వాలి. వెనక నుంచి వచ్చేది ముందున్నదాన్ని తప్పుకోవాలి. ఈ మూడూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

పైమార్కు దగ్గరే గొడవలన్నీ. మార్కు చుట్టూ మూడు పడవల పొడవు వరకు జోన్ అంటారు, మీ పడవకి అది 12 మీటర్లు. మార్కుని ఎడమ పక్కన ఉంచుకుని తిరిగే రేసుల్లో చాలామంది స్టార్‌బోర్డ్ మీద వరసగా వస్తుంటారు. మీరు పోర్ట్ మీద వచ్చి ఆ జోన్‌లో టాక్ చేసి ఆ వరసలో దూరారనుకోండి, మీ వల్ల వెనకవాళ్ళు గాలికి ఇంకా ఎక్కి తప్పుకోవాల్సి వస్తే తప్పు మీదే. అందుకని కొత్తవాళ్ళు జోన్‌కి బాగా ముందే స్టార్‌బోర్డ్ మీదికి మారిపోవడం మేలు. రెండు మూడు పడవల వెనక పడితే పడతారు, తర్వాత వెనకగాలిలో ఆ దూరం తగ్గించుకోవచ్చు.

తప్పు జరిగితే వెంటనే పక్కకి వెళ్ళి ఒకే వైపు రెండు పూర్తి చుట్లు తిరిగితే సరిపోతుంది. మార్కుని తాకితే ఒక చుట్టు. ఎవరైనా మీ పట్ల తప్పు చేస్తే అప్పటికప్పుడు “ప్రొటెస్ట్” అని గట్టిగా అరవాలి. ఆరు మీటర్ల లోపు పడవలకి ఎర్ర జెండా అవసరం లేదు, అరుపు మాత్రం తప్పనిసరి.

నీలితెరచాప

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. అక్క మొత్తం ప్రింట్ తీయించి ఫ్రిజ్ మీద అతికించింది. జెండా స్తంభం గుర్తు నిన్న వాడి చూశాం, నిజంగానే గాలి తిరగడం తెలుస్తోంది!

ఇంకో సందేహం. ఇద్దరూ ఆడవాళ్ళే కదా, పడవ తిరగబడితే లేపలేరేమో అని క్లబ్‌లో ఒకరిద్దరు అన్నారు. ఇంట్లో కూడా అదే భయం.

ఒడ్డున_అమ్మ

ఆ మాట అన్నవాళ్ళకి 2018 జకార్తా ఆసియా క్రీడలు గుర్తుచేయండి. వర్షా గౌతమ్, శ్వేతా షెర్వేగర్ ఇద్దరే, ఇంతకంటే చాలా చురుకైన 49ఇఆర్ ఎఫ్‌ఎక్స్ పడవ మీద రజతం తెచ్చారు. మన చెరువులోనే నేర్చుకున్న ప్రీతి కొంగర హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 470 (ఇంకో రకం ఇద్దరి పడవ) మిక్స్‌డ్‌లో సుధాంశు శేఖర్‌తో కలిసి దేశం తరఫున దిగింది. మీరు నడిపే ఎంటర్‌ప్రైజ్ మీదే 1982 ఆసియా క్రీడల్లో పాకిస్తాన్‌కి చెందిన గోష్పీ అవారి భర్త బైరామ్‌తో కలిసి స్వర్ణం గెలిచింది. ఆ పోటీ జరిగింది మన బొంబాయిలోనే. ఆడపిల్లలు లేపలేరన్న మాట నాకు అస్సలు నచ్చదు, మా అమ్మాయికి కూడా వచ్చే ఏడాది నేర్పిస్తున్నాను.

విశాఖ_అలలు

లేపడానికి కావాల్సింది కండ కాదమ్మా, పద్ధతి. మా తాతయ్య వాళ్ళు ఇద్దరు ముగ్గురే తెప్పలు వేసుకుని తెరచాపతో సముద్రంలోకి వెళ్ళి వచ్చేవారు. ఎవరు ఎక్కడ ఉండాలన్నది ముందే తెలిసుండేది, అదే వాళ్ళ బలం.

పడవ పక్కకి పడగానే మొదటి పని, రెండో మనిషి కనబడుతోందా, మాట వినబడుతోందా చూడడం. తర్వాత అక్క వెనక నుంచి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి సెంటర్‌బోర్డ్ పట్టుకోవాలి, అది లోపలికి జారిపోకుండా. నువ్వు లోపలి పక్కనే నీళ్ళలో ఉండి మెయిన్ షీటూ జిబ్ షీటూ క్లీట్లలోంచి (తాళ్ళు బిగించే పట్లు) వదిలెయ్యి. షీట్లు బిగిసి ఉంటే లేచిన పడవ మళ్ళీ పడుతుంది. పైనున్న జిబ్ షీట్‌ని అక్కకి అందేలా విసురు. అక్క ఆ తాడు పట్టుకుని బోర్డు మీద నిలబడి, హల్‌కి (పడవ ఒంటికి) దగ్గరగా పాదాలు పెట్టి, వెనక్కి వాలాలి. నువ్వు లోపల టో స్ట్రాప్ (వాలేటప్పుడు కాళ్ళు దూర్చే పట్టీ) పట్టుకుని నీళ్ళ మీద తేలుతూ ఉండు, దాని మీద బరువు వేయకు. పడవ లేస్తూ నిన్ను దానంతటదే లోపలికి తోడేసుకుంటుంది. నువ్వు లోపల ఉంటే పడవ కుదురుగా నిలబడుతుంది, తర్వాత అక్కని ఎక్కించుకోవచ్చు.

ఎంటర్‌ప్రైజ్ లేచినప్పుడు లోపల చాలా నీళ్ళుంటాయి, పాత చెక్క పడవలైతే మరీను. బకెట్ తాడుతో కట్టి ఉంచుకోండి. ఒడ్డుకి దగ్గర్లో పడితే తొందరపడాలి, పూర్తిగా బోర్లా పడితే మాస్టు కొన చెరువు అడుగు బురదలో దిగబడుతుంది. అలాంటప్పుడు మీరే లాగి విరగ్గొట్టొద్దు, రెస్క్యూ బోటుకి చెయ్యి ఊపండి. రేసుకి ముందు ఒకరోజు కావాలనే తిరగేసి ప్రాక్టీస్ చేయండి, ఇంట్లోవాళ్ళని ఒడ్డున కూర్చోబెట్టి చూపిస్తే ఇంకా మంచిది.

నీలితెరచాప

రేసులు అయిపోయాయి! తొమ్మిది పడవలు, మొత్తం మీద ఐదో స్థానం. మూడు రేసుల్లో 6, 6, 3.

శనివారం గాలి బాగా ఎక్కువ. విశాఖ అన్నగారు చెప్పినట్టు ముందే తిరగేసి లేపడం ప్రాక్టీస్ చేశాం కాబట్టి అమ్మా పెద్దమ్మా ఒడ్డున ధైర్యంగానే ఉన్నారు. కిక్కర్ గట్టిగా లాగి, బోర్డు కొంచెం ఎత్తి నడిపాం. ఒక్కసారి కూడా పడలేదు. రెండు బరువైన జంటలు మాత్రం ఎదురుగాలిలో మమ్మల్ని దాటి వెళ్ళిపోయాయి, చేసేదేం లేదు.

ఆదివారం గాలి తగ్గింది. ఆ రేసు గురించి రాయాలి. రెండోసారి పైకి వెళ్తున్నప్పుడు మేం ఏడో స్థానంలో ఉన్నాం. పోర్ట్ మీద ఉన్నాం, ముక్కు జెండా స్తంభానికి కుడివైపు బాగా జారింది. నేను “ముక్కు కుడికి, స్తంభం ఎడమకి పోయింది” అని మాత్రం అన్నాను. అక్క వెంటనే టాక్ చేసింది. మిగతావాళ్ళు ఇంకా సంజీవయ్య పార్కు వైపే పోతున్నారు. నెక్లెస్ రోడ్డు వైపు నీళ్ళ మీద నల్లగా ముడతలు కనబడ్డాయి, “ఈడ్పు, రెండు పడవల దూరం” అన్నాను, ఇద్దరం వాలాం, పడవ ఒరగకుండా ముందుకి దూకింది. పైమార్కు దగ్గరికి వచ్చి వెనక్కి చూస్తే అంతదాకా మా ముందున్న నాలుగు పడవలు మా కిందున్నాయి. పోల్ వరస అలవాటైపోయింది కాబట్టి వెనకగాలిలో ఎవరూ మమ్మల్ని అందుకోలేదు. చివరి లెగ్‌లో పడవ బరువెక్కినట్టు అనిపిస్తే ఆంటీ చెప్పింది గుర్తొచ్చి సెంటర్‌బోర్డ్ పూర్తిగా ఎత్తి దించాను, ఇంత పొడుగు బియ్యం సంచి తేలుతూ వెనక్కి పోయింది!

ఒక్క అనుమానం. రెండో రేసులో మేం స్టార్‌బోర్డ్ మీద వెళ్తుంటే పోర్ట్ పడవ ఒకటి మా ముందు నుంచి అడ్డంగా దాటింది. గుద్దుకోకుండా అక్క పడవని గాలికి తిప్పేసింది. “స్టార్‌బోర్డ్” అని అరిచాం కానీ “ప్రొటెస్ట్” అనలేదు. తర్వాత వెళ్ళి చెప్పొచ్చా?

రూల్‌బుక్

మూడో స్థానానికి అభినందనలు! చెప్పి లాభం లేదమ్మా. “స్టార్‌బోర్డ్” అనడం హెచ్చరిక మాత్రమే, ప్రొటెస్ట్ కింద లెక్క కాదు. ఆ మాట వెంటనే అరిచి, ఒడ్డుకొచ్చాక గడువులోగా కాగితం మీద రాసివ్వాలి. గడువు సెయిలింగ్ ఇన్‌స్ట్రక్షన్స్‌లో ఉంటుంది, అందులో రాయకపోతే చివరి పడవ గీత దాటాక రెండు గంటలు. మీరు తప్పించుకోవడానికి దారి మార్చుకోవాల్సి రావడమే తప్పుకి రుజువు, తగలాల్సిన పనిలేదు. అక్క గుద్దుకోకుండా తప్పించడం కూడా సరైన పనే, దారి మీదైనా గుద్దుకోవడం వీలైనంత తప్పించాలన్నది రూలే.

సుబేదార్_రిటైర్డ్

శెభాష్ బిడ్డా. సెప్టెంబర్ రేసుకి పేరిస్తున్నారా? అప్పటికి గాలి పలచబడుతుంది, మీ బరువుకి అదే అనువు. గాలి లేనప్పుడు నువ్వు మాస్టు దగ్గరికి, పడవ మధ్యలోకి జరిగి కూర్చో, వెనకభాగం నీళ్ళని ఈడ్వకుండా. పడవని గాలివాలు వైపుకి కొద్దిగా ఒరిగించి ఉంచితే తెరచాపకి దానంతటదే ఆకారం వస్తుంది. కిక్కర్ వదులు చేయండి. నిమజ్జనం అయిన వారం పది రోజుల దాకా నీళ్ళలో వెదురుబొంగులూ కొయ్యముక్కలూ తేలుతుంటాయి, ముందు చూసేది నువ్వే కాబట్టి కనబడగానే చెప్పు. అడిగేదాకా ఆగొద్దు.

నీలితెరచాప

ఇస్తున్నాం సార్. ఈసారి వాచీ కూడా కొంటున్నాం, సెకన్లు పెద్దగా కనబడేది ఏదైనా ఉంటే చెప్పండి ఎవరైనా.